అడవిలో పోరు, విశాఖలో ఆశ్రయం: నిర్వాసిత కుటుంబానికి హక్కులు దక్కేలా చేయడం ఎలా

బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం విశాఖ ఓడరేవుకు దిగి వచ్చే రైలు మార్గంలోనే మనుషులూ దిగి వస్తారు. కిరండూల్‌లో బయలుదేరి దంతెవాడ, జగదల్‌పూర్, కోరాపుట్, అరకు దాటి వచ్చే ఆ రైలు జనరల్ బోగీలో మూటాముల్లెతో కూర్చున్న కుటుంబం కూలికి వస్తోందో, ఊరు వదిలి పారిపోయి వస్తోందో ఎవరూ అడగరు. 2005 జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సల్వాజుడుం మొదలైన తర్వాత ఒకవైపు దాని దాడులకు, మరోవైపు మావోయిస్టుల ప్రతీకారానికి నలిగిన మురియా, కోయ ఆదివాసీ కుటుంబాలు వేల సంఖ్యలో తెలుగు నేలకు వచ్చాయి. వారిలో ఎక్కువ మంది గోదావరి వైపు అడవుల్లోనే ఆగారు. విశాఖకు వచ్చేవారిని ఇక్కడికి లాక్కొచ్చేవి నాలుగు: ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌లో వైద్యం, కోర్టు వాయిదా, అడవివరం కేంద్ర కారాగారంలో ఉన్న బంధువు, కట్టడాల దగ్గర కూలి. పాడేరు మన్యం నుంచి వచ్చేవారిని లాగేవీ ఇవే.

నిర్వాసితులు ఈ ఊరికి కొత్త కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు బాంబులు వేసినప్పుడు విశాఖ జనమే ఊరు ఖాళీ చేసి పరుగెత్తారు. బర్మా నుంచి వచ్చినవారు తలదాచుకున్న బర్మా క్యాంపు కంచరపాలెం వైపు ఈనాటికీ ఉంది.

ఇది న్యాయవాదులకు రాస్తున్నది కాదు. అలాంటి కుటుంబం ఎదురైనప్పుడు ఏం చేయాలో తోచని టీచరు, నర్సు, విద్యార్థి, మేస్త్రీ, పక్కింటివారి కోసం.

ముందు ఏ చట్టం పట్టుకోవాలి

సాయుధ పోరు అనగానే చాలామంది జెనీవా ఒప్పందాలు తీస్తారు. 1949 నాటి ఆ ఒప్పందాలను భారత్ ఆమోదించింది. నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్న మూడో అధికరణం ఒకే దేశంలోని పోరాటంలో కూడా ఆయుధం పట్టని మనిషి జోలికి వెళ్లరాదంటుంది. కానీ మన ప్రభుత్వం మావోయిస్టు సమస్యను శాంతిభద్రతల వ్యవహారంగానే చూస్తుంది. తహసీల్దారు కార్యాలయంలో జెనీవా పేరెత్తితే పని జరగదు. రాజ్యాంగంలోని 14 (సమానత్వం), 21 (ప్రాణం, స్వేచ్ఛ), 22 (అరెస్టులో రక్షణ) అధికరణాలు, కింద చెప్పబోయే మామూలు చట్టాలు ఎత్తితే జరుగుతుంది. అంతర్జాతీయ పత్రాల్లో ఒక్కటి మాత్రం దగ్గర పెట్టుకోండి: అంతర్గత నిర్వాసితులపై 1998 నాటి ఐక్యరాజ్యసమితి మార్గదర్శక సూత్రాలు. పోయిన పత్రాల కోసం సొంత ఊరికే తిరిగి వెళ్లాలన్నట్టు అసంబద్ధమైన షరతులు పెట్టకూడదని అందులోని 20వ సూత్రం చెబుతుంది. కోర్టులో అది శాసనంలా చెల్లదు, అయినా అర్జీలో ఒక వాక్యంగా బరువు తెస్తుంది.

మొదటి అడుగు: కథ అడగకండి, ప్రమాదం అడగండి

మనవాళ్లు చేసే మొదటి పని ఫోను తీసి వీడియో పట్టడం. అది ఆపాలి. ఆ ముఖం వాట్సాప్‌లో తిరిగితే ఊళ్లో మిగిలిన తమ్ముణ్ని ఒక పక్షం ఇన్‌ఫార్మర్ అంటుంది, ఇంకో పక్షం సానుభూతిపరుడు అంటుంది. ఈ రెండు మాటలకూ అడవిలో ప్రాణాలు పోయాయి.

ముందు తెలుసుకోవాల్సినవి కొన్నే. ఎవరికైనా గాయమైందా? కుటుంబంలో ఎవరైనా తప్పిపోయారా? ఎవరైనా వెతుకుతున్నారా? రాత్రి ఎక్కడ పడుకుంటారు? అత్యవసరమైతే 112, పిల్లలకు 1098, మహిళలకు 181.

దుబాసీ ఎంపికలో తొందరపడకండి. కోయ, గోండి, హల్బీ, కువి, ఒడియా — వచ్చినవారి భాష ఏదో ముందు తెలుసుకోవాలి. కూలికి తీసుకొచ్చిన మేస్త్రీకి తెలుగు బాగా వచ్చు కాబట్టి ఆయననే కూర్చోబెట్టడం సులువు, కానీ ఆయన ముందు అడ్వాన్సు గురించి ఎవరు నోరు విప్పుతారు? అడ్వాన్సు తీర్చేదాకా కదలనివ్వకపోతే అది 1976 చట్టం నిషేధించిన వెట్టిచాకిరీ, ఆర్డీవో దాకా వెళ్లాల్సిన విషయం. ఒకే ఊరివారైనా ఒకే మాట మీద ఉండరు. క్రైస్తవం తీసుకున్న ఆదివాసీ కుటుంబాలకు సొంత ఊళ్లో ఖననానికి కూడా అడ్డుపడిన తగాదా ఛత్తీస్‌గఢ్ నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అల్పసంఖ్యలో ఉన్న ఆ కుటుంబానికి అదే ఊరి పెద్దమనిషిని దుబాసీగా పెడితే నోట మాట రాదు. ఆడవారికి ఆడమనిషే ఉండాలి.

రెండో అడుగు: తిండి, బడి, ఆసుపత్రి

కార్డులు తయారయ్యేదాకా వీటిని ఆపకూడదు. ఛత్తీస్‌గఢ్ రేషన్ కార్డు ఆధార్‌తో కలిసి ఉంటే ఒకే దేశం ఒకే రేషన్ కార్డు కింద విశాఖలోని చౌక దుకాణంలోనూ బియ్యం తీసుకోవచ్చు. ఇంట్లో కొందరు అక్కడ, కొందరు ఇక్కడ ఉంటే వాటా విడివిడిగా తీసుకునే వీలుంది. ఆరేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీ ఆహారం చట్టబద్ధమైన హక్కు. ఆధార్ చేతికి రానంతవరకు వేరే గుర్తింపుతో పథకం అందించాలని ఆధార్ చట్టంలోనే ఉంది. ‘నంబరు లేదు, వెళ్లిపో’ అనడానికి ఎవరికీ అధికారం లేదు.

బడి విషయంలో విద్యాహక్కు చట్టం స్పష్టంగా ఉంది. వయసు ధ్రువపత్రం లేదని ప్రవేశం నిరాకరించకూడదు. పన్నెండేళ్ల పిల్ల ఎన్నడూ బడి గడప తొక్కకపోయినా వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. హెచ్‌ఎం వెనకాడితే నోటి వాదన వద్దు. నిరాకరణను కాగితం మీద రాసివ్వమనండి. చాలాసార్లు అక్కడే ప్రవేశం దొరుకుతుంది.

కేజీహెచ్‌కు గాయాలతో వచ్చినవారి విషయంలో మెడికో లీగల్ కేసుగా (పోలీసులకు తెలపాల్సిన గాయంగా) నమోదైందో లేదో ఆ రోజే చూడాలి. లైంగిక హింస బాధితులకు ప్రభుత్వ, ప్రైవేటు తేడా లేకుండా ప్రతి ఆసుపత్రీ తక్షణ వైద్యం ఉచితంగా చేయాలి. బాధితురాలు పద్దెనిమిదేళ్లలోపు అయితే పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల) చట్టం ప్రకారం విషయం తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. ఈ సంగతి ఆ కుటుంబానికి ముందే చెప్పండి, తర్వాత మోసపోయామనుకోకూడదు.

మూడో అడుగు: వాంగ్మూలం

ఇక్కడ ఎంత సమయం పెట్టినా తక్కువే. ఎందుకో విశాఖ కోర్టులోనే కనబడింది. 2007 ఆగస్టులో మన్యంలోని వాకపల్లికి చెందిన పదకొండు మంది కోందు ఆదివాసీ మహిళలు, మావోయిస్టుల గాలింపు కోసం ఏర్పడిన గ్రేహౌండ్స్ దళం పోలీసులు తమపై అత్యాచారం చేశారని ఫిర్యాదు చేశారు. విశాఖలోని ప్రత్యేక కోర్టు తీర్పు 2023 ఏప్రిల్‌లో వచ్చింది. నిందితులందరూ నిర్దోషులుగా బయటపడ్డారు. అదే తీర్పులో కోర్టు దర్యాప్తు వైఫల్యాన్ని ఎత్తిచూపి, ఆ మహిళలకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా పరిహారం ఇవ్వాలని చెప్పింది. ఘటన జరిగిన మొదటి కొద్ది రోజుల్లో పుట్టాల్సిన కాగితం పుట్టకపోతే తర్వాత ఎంత పోరాడినా ఆ ఖాళీ నిండదు. నేను దీన్ని మూడో అడుగుగా రాస్తున్నాను గానీ, ప్రాణాపాయం లేకపోతే ఇది ఆ రోజే మొదలుకావాలి.

మొదట అనుమతి. ఎందుకు రాస్తున్నారో, ఎవరికి ఇస్తారో, ఇవ్వకపోతే ఏమవుతుందో చెప్పి, వద్దంటే ఆగిపోండి. ఇంటి సాయానికీ వాంగ్మూలానికీ ముడిపెట్టవద్దు. లైంగిక హింస గురించి స్వచ్ఛంద కార్యకర్త లోతుగా అడగనే కూడదు. ఒకసారి, శిక్షణ ఉన్న వ్యక్తి ముందు చెబితే చాలు. పది మంది పదిసార్లు అడిగితే పది రకాలుగా రాసుకుంటారు, అవతలి లాయరుకు అదే పండుగ.

తేదీ పట్టుకోవడం ఒక విద్య. ఒక తల్లి ఇలా చెబుతుంది: “ఇప్పపువ్వు రాలే రోజులు. సంతకు పోయి వచ్చిన మర్నాడు. కోడి రెండోసారి కూయలేదు.” దీన్ని ‘మార్చి నెలలో ఒక రోజు తెల్లవారుజామున’ అని రాసేస్తే ఆమె సాక్ష్యాన్ని సగం పారేసినట్టే. ఆమె మాటలు ఆమె మాటల్లోనే రాయండి. తర్వాత అడగండి: ఏ ఊరి సంత, అది వారంలో ఏ రోజు? అప్పుడు చంటిబిడ్డ ఎవరు, ఆ బిడ్డకు ఇప్పుడు ఎన్నేళ్లు? విత్తనాల పండుగకు ముందా, తర్వాతా? ఆ ఏడాది ఎన్నికలు జరిగాయా? ఇలా అడుగుతూ పోతే వారం, ఒక్కోసారి రోజు కూడా దొరుకుతుంది. ఆమె చెప్పింది ఒక వరుసలో, మీరు లెక్కగట్టింది వేరే వరుసలో ఉండాలి. రెండూ కలిపేయకూడదు.

అలాగే చూసింది, విన్నది, అనుకున్నది విడదీయాలి. ‘పోలీసులు కొట్టారు’ అని ఊరుకోవద్దు. దుస్తుల రంగు ఏది, ఏ భాష మాట్లాడారు, ఊరికి తెలిసిన ముఖాలున్నాయా, ఏ వైపు నుంచి వచ్చారు? రాష్ట్ర పోలీసులా, కేంద్ర బలగాలా అన్న తేడా ముందు ముందు ఎంత అవసరమో ఆరో అడుగులో తెలుస్తుంది. మావోయిస్టులు చేసిన హింసనూ ఇంతే వివరంగా రాయాలి. ఒక పక్షం తప్పులే రాసే పుస్తకాన్ని ఎవరూ నమ్మరు. హక్కుల కార్యకర్త బాలగోపాల్ వంటివారు 1998లో మానవ హక్కుల వేదికను నెలకొల్పినప్పుడు పట్టుబట్టిన విషయాల్లో ఇదొకటి: రాజ్యం హింసనే కాదు, దానిపై పోరాడేవారి హింసనూ ప్రశ్నించాలి.

ఫోటోలు, ఆడియో ఉంటే అసలు ఫైలును కత్తిరించకుండా, పేరు మార్చకుండా, ఫోన్‌లోనే ఉంచి నకలు వేరే చోట దాచండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి హాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే సంకేతంతో) కూడిన ధ్రువపత్రం జతచేయాలి. వాట్సాప్‌లో పదిచోట్ల తిరిగి వచ్చిన వీడియో ఆ పరీక్షకు నిలవడం కష్టం.

నాలుగో అడుగు: పేరు, పత్రం, కులం

హిందీలో రాసిన పేరు తెలుగులోకి, అక్కడి నుంచి ఇంగ్లీషులోకి మారేసరికి ఒకే మనిషి మడకం, మడ్కం, మాడ్కామి అయి ముగ్గురవుతాడు. భార్య ఆధార్‌లో భర్త పేరు ఒకలా, రేషన్ కార్డులో ఇంకోలా ఉంటే పరిహారం చెక్కు దగ్గర ఆగిపోతుంది. మొదటి వారంలోనే ఒక పట్టిక వేయండి: మనిషి, ఏ పత్రంలో పేరు ఎలా ఉంది, పుట్టిన సంవత్సరం ఏమని ఉంది. ఆ తర్వాత ఒకే రూపం ఎంచుకుని అన్నిచోట్లా అదే దిద్దించండి. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన బిడ్డలకు పుట్టుక ధ్రువపత్రమే అన్నిటికీ ఆధారం. కాబట్టి ఇక్కడ పుట్టిన పిల్లల నమోదు వాయిదా వేయవద్దు. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి.

కులం సంగతి దాచకుండా చెప్పాలి. ఛత్తీస్‌గఢ్‌లో ఎస్టీ అయిన కుటుంబానికి వలస వచ్చినంత మాత్రాన ఇక్కడి ఎస్టీ రిజర్వేషన్లు రావు. సుప్రీంకోర్టు 1990లోనే, మర్రి చంద్రశేఖర రావు కేసులో, వలస వెళ్లిన రాష్ట్రంలో ఆ ప్రయోజనాలు వెంట రావని తేల్చింది. పేరు కలిసిందని ఇక్కడి తెగ పేరుతో పత్రం తెప్పిస్తామనే దళారులు దొరుకుతారు. వారి మాట విని తెచ్చుకున్న కాగితం రేపు రద్దై కేసవుతుంది. సొంత రాష్ట్రపు పత్రం తెప్పించుకోవడమే మేలు.

ఉచిత న్యాయ సహాయానికి మాత్రం ఈ చిక్కు లేదు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలతో పాటు మహిళలు, పిల్లలు, నిర్బంధంలో ఉన్నవారు, జాతి హింస బాధితులు ఆదాయంతో పనిలేకుండా అర్హులే. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

ఐదో అడుగు: పోలీసులు వచ్చినప్పుడు, పోలీసుల దగ్గరికి వెళ్లినప్పుడు

నేరం బస్తర్‌లో జరిగినా విశాఖ స్టేషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. జీరో ఎఫ్‌ఐఆర్‌గా నమోదు చేసి సంబంధిత స్టేషన్‌కు పంపాలి, ప్రతి ఉచితంగా ఇవ్వాలి. నమోదు చేయకపోతే పోలీసు కమిషనర్‌కు రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. అదీ కాకపోతే మేజిస్ట్రేటు ఉన్నారు.

ఎవరినైనా తీసుకెళ్తే గడియారం చూడండి. కారణం చెప్పాలి, బంధువుకు తెలియజేయాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుంచాలి. సూర్యాస్తమయం తర్వాత మహిళను అరెస్టు చేయాలంటే అసాధారణ కారణం, మేజిస్ట్రేటు అనుమతి ఉండాలి. సాక్షిగా పిలిస్తే మహిళలను, పదిహేనేళ్లలోపు, అరవై దాటిన మగవారిని స్టేషన్‌కు రమ్మనకూడదు, వారి నివాసంలోనే విచారించాలి. పోలీసులు రాసుకున్న వాంగ్మూలంపై సాక్షి సంతకం, వేలిముద్ర అవసరం లేదు. చదువురాని మనిషికి ఈ ఒక్క ముక్క ముందే చెప్పి ఉంచితే ఎన్ని తెల్లకాగితాలు మిగులుతాయో! 24 గంటలు దాటినా ఆచూకీ లేకపోతే ఉత్తరం, మెయిలు అంటూ తిరగకుండా హైకోర్టులో హెబియస్ కార్పస్ (మనిషిని కోర్టు ముందుంచమని కోరే పిటిషన్) వేయించండి.

పద్దెనిమిదేళ్లలోపు పిల్లలు సాయుధ దళంలో తిరిగి దొరికినా వారిని బాల న్యాయమండలి ముందే హాజరుపరచాలి. పిల్లలను చేర్చుకున్నవారిది నేరం, 2015 బాల న్యాయ చట్టం దానికి ఏడేళ్ల వరకు శిక్ష పెట్టింది.

ఆరో అడుగు: అర్జీ ఎక్కడ, ఎలా

విశాఖలో అయితే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక మంచి ఆరంభం. మన్యం కుటుంబాలకు పాడేరు ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ). జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు రుసుము లేదు, తెలుగులోనే రాయవచ్చు, సహాయ నంబరు 14433. అయితే మూడు మెలికలు తెలిసి ఉండాలి. ఘటన జరిగి ఏడాది దాటితే తీసుకోదు. అదే విషయం రాష్ట్ర కమిషన్ ముందుంటే తీసుకోదు, కనుక తొందరపడి రెండుచోట్లా వేయవద్దు. కేంద్ర సాయుధ బలగాలపై ఫిర్యాదైతే స్వయంగా విచారణ జరపలేదు, కేంద్రం నుంచి నివేదిక మాత్రమే కోరగలదు. వాంగ్మూలంలో దుస్తుల రంగు అడగమన్నది ఇందుకే. ఎస్టీలకు జాతీయ ఎస్టీ కమిషన్ వేరే ఉంది, దానికి సివిల్ కోర్టు అధికారాలున్నాయి.

ఆవేశం అర్జీని బలహీనపరుస్తుంది. ‘రాక్షస పాలన’ అని రాస్తే గుమాస్తా అక్కడే చదవడం ఆపుతాడు. ఇలా రాయండి:

“ఫలానా తేదీ, మంగళవారం, ఉదయం సుమారు ఐదు గంటలకు మా ఇంటికి ఆకుపచ్చ దుస్తుల్లో ఆరుగురు వచ్చారు. ఇద్దరు హిందీ, మిగతావారు తెలుగు మాట్లాడారు. నా కొడుకును తీసుకువెళ్లారు. కారణం చెప్పలేదు. ఇది నేను చూశాను. మర్నాడు ఫలానా స్టేషన్‌లో ఉన్నాడని మా ఊరివారు చెప్పారు. ఇది విన్నాను. నేను కోరేది: నా కొడుకు ఎక్కడున్నాడో చెప్పాలి, న్యాయవాదిని కలవనివ్వాలి, వైద్య పరీక్ష చేయించాలి.”

ఒక పేజీ చాలు. కోరిక స్పష్టంగా ఉండాలి. చదివి వినిపించాకే వేలిముద్ర. నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోకుండా కౌంటరు వదలకండి.

మావోయిస్టు హింసలో మరణించినా, సగం లేదా అంతకు మించి వైకల్యం కలిగినా బాధిత పౌరుల కుటుంబానికి కేంద్ర పథకం కింద 5 లక్షల రూపాయల సాయం ఉంది. అర్జీ ఘటన జరిగిన జిల్లా కలెక్టరుకు వెళ్లాలి.

ఏడో అడుగు: వదిలి వచ్చిన భూమి

అటవీ హక్కుల చట్టం, 2006లో 3(1)(ఎం) అనే నిబంధన ఉంది. 2005 డిసెంబరు 13కు ముందు పునరావాసం లేకుండా అటవీ భూమి నుంచి అక్రమంగా వెళ్లగొట్టబడినవారికి అక్కడే పునరావాసం, లేదా ప్రత్యామ్నాయ భూమి పొందే హక్కు అది ఇస్తుంది. సల్వాజుడుం మొదలైంది జూన్‌లో. అంటే ఆ ఏడాది వరి కోతల్లో ఊరు వదిలిన కుటుంబం గీతకు ఇవతల, మరుసటి ఏడాది ఇప్పపువ్వు కాలంలో వదిలిన పక్కింటివారు గీతకు అవతల. ఆ తల్లిని సంత గురించి, చంటిబిడ్డ గురించి అన్నేసి ప్రశ్నలు ఎందుకడగాలో ఇక్కడ తేలుతుంది. పెద్దల వాంగ్మూలాన్ని కూడా నియమాలు ఆధారంగా ఒప్పుకుంటాయి, కనీసం రెండు ఆధారాలు కావాలి.

అదే డిసెంబరు 13 ఇక్కడ కొత్తగా కొట్టిన పోడుకు ఎదురుతిరుగుతుంది. ఆ తేదీ తర్వాతి సాగుకు పట్టా రాదు. వస్తుందని ఆశపెట్టి డబ్బు వసూలు చేసేవారిని దగ్గరికి రానివ్వవద్దు. అయితే హక్కుల పరిశీలన ముగియకుండా అర్హుడైన సాగుదారును ఖాళీ చేయించకూడదని చట్టం చెబుతుంది. గ్రామసభ నిర్ణయం నచ్చకపోతే 60 రోజుల్లో సబ్ డివిజనల్ కమిటీకి అప్పీలు.

మీ జాగ్రత్త

సాయం చేసేవారి మీద అనుమానం రావడం మామూలే. ఎవరి తరఫునా డబ్బు, ఉత్తరం, మందుల మూట, సిమ్ కార్డు మోయకండి. ‘మా బావకు ఇవ్వండి’ అన్నా సరే. ఒంటరిగా కలవకండి, కలిసిన రోజు, కారణం ఒక పుస్తకంలో రాయండి. వీలైనంత వరకు న్యాయ సేవాధికార సంస్థకో, న్యాయవాదికో తెలిసి చేయండి. బాధితుల పేర్లు ఒకచోట, వాంగ్మూలాలు ఇంకోచోట, మధ్యలో సంఖ్యలు ఉంటే పుస్తకం పోయినా మనుషులు బయటపడరు. లైంగిక హింస బాధితురాలి పేరు బయటపెట్టడం మీకే శిక్ష తెచ్చే నేరం.

ఆ తర్వాత

రసీదుల కట్టకు ముందు ఒక కాగితం పెట్టి గడువులు రాయండి: అప్పీలుకు 60 రోజులు, జాతీయ కమిషన్‌కు ఏడాది, సమాచార హక్కు జవాబుకు 30 రోజులు. అర్జీ కదలకపోతే అదే అర్జీ మళ్లీ ఇవ్వడం కన్నా, దాని మీద ఏ రోజు ఎవరు ఏం రాశారో సమాచార హక్కు కింద అడగడం మేలు. భద్రతా, గూఢచారి విభాగాలకు ఆ చట్టం నుంచి మినహాయింపు ఉన్నా, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణకు సంబంధించిన సమాచారానికి ఆ మినహాయింపు లేదు. సమాచార కమిషన్ అనుమతితో 45 రోజుల్లో ఇవ్వాలి. అర్జీ మొదటి పేరాలోనే ‘మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణ’ అన్న మాట రాయండి, లేకుంటే మినహాయింపు పేరుతో తిప్పి పంపుతారు. అప్పటికీ జవాబు రాకపోతే ముద్రలున్న నకళ్లు, గడువుల కాగితం తీసుకుని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లి హైకోర్టులో రిట్ వేయడానికి న్యాయవాదిని అడగండి. ఆయన మొదట చూసేది ఆ తేదీలనే.